జీతం లేని నోరు

మా ఆఫీసులో ఒక పదానికి ఎన్ని అర్థాలుంటే అన్ని బల్లలు. అర్థం పోతే బల్ల పోతుంది, బల్ల పోతే మనిషి ఇంటికి పోతాడు. ఈ నియమం పెట్టిన మహానుభావుడెవరో నాకు తెలియదు గాని, ఆయనకు ఇంటికి వెళ్ళాలంటే భయం ఉండేది కాదని మాత్రం చెప్పగలను. మా బాబాయికి ఉంది.

మాది నిఘంటువు తయారుచేసే ఆఫీసు. మూడో అంతస్తులో మెట్లకు ఎడమవైపు నాలుగో గది 'క్రికెట్' గది. తలుపు మీద అలాగే రాసి ఉంటుంది. కొత్తవాళ్ళు అది చదివి, లోపల బ్యాట్లూ బంతులూ ఉంటాయనుకుని తొంగిచూస్తారు. లోపల ఉండేది నాలుగు బల్లలు, ముగ్గురు మనుషులు, ఒక గాజుసీసా. సీసాలో పదకొండు కీచురాళ్ళు. అవి నావి, ఎందుకంటే నాది పురుగు బల్ల. క్రికెట్ అంటే గోడ సందుల్లో దాక్కుని చెవులు చిల్లులు పడేలా అరిచే పురుగు అన్న అర్థానికి పద్దెనిమిదేళ్ళుగా కాపలా కాస్తున్నాను. మీ ఆవిడేం చేస్తుందని ఎవరైనా అడిగితే మా ఆయన గుమాస్తా అని చెప్పి వెంటనే వర్షాల సంగతి ఎత్తుతాడు.

కిటికీ పక్క బల్ల ఆటది. దాన్ని చూసే ఆయన్ని అందరం స్కోరు అంటాం. ఎదురుగానే అంటాం, ఆయనా పలుకుతాడు. చొక్కా జేబులో చిన్న రేడియో, ఒక చెవిలో దాని తీగ, రెండో చెవి మాకు. ఆయన అదృష్టం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మేం ఒక్క సాక్ష్యం కోసం చెప్పులరిగేలా తిరుగుతుంటే, ఆయనకు కిటికీ తెరిస్తే చాలు. కింద వీధిలో ఎవరు నోరు విప్పినా ఆయన అర్థంలోనే విప్పుతారు. సొరుగులు పట్టక చీటీలు సంచుల్లో కుక్కుతాడు.

మూడో బల్ల ఖాళీ. అన్యాయం చేయకుండా పెద్దమనిషి తరహాలో నడుచుకోవడం అన్న అర్థం దానిది. అది చూసే ఆయన సాక్ష్యాలన్నీ ఇంట్లో కూర్చుని సొంతంగా అల్లుకుంటూ దొరికిపోయాడు. అప్పటినుంచి ఆ అర్థం స్కోరుకు అదనపు బాధ్యత. బాధ్యత అంటే ఆ బల్ల మీద భోజనం డబ్బా పెట్టుకోవడం.

నాలుగోది గోడవార బల్ల. అది మా బాబాయిది, అంటే మా అమ్మ చెల్లెలి భర్తది. క్రికెట్ అంటే మోకాలి కిందకు వచ్చే మూడు కాళ్ళ చెక్కపీట అన్న అర్థాన్ని ఆయన చూస్తాడు. ఆ అర్థం మీకు తెలియకపోతే సిగ్గుపడనక్కర్లేదు. ఎవరికీ తెలియదు. గొడవంతా అక్కడే వచ్చింది.

పదేళ్ళకోసారి కొత్త ముద్రణ వేస్తారు. దానికి ముందు ప్రతి అర్థం బతికే ఉందని రుజువు చూపాలి. రుజువుకు షరతులున్నాయి. మాట అన్న నోరు మా ఆఫీసు జీతం పుచ్చుకునే నోరు కాకూడదు. మనం అడిగితే అనకూడదు, తన పనిలో తానుండి తనంతట తాను అనాలి. ఆ మాట ఇద్దరు ఉద్యోగుల చెవుల్లో పడాలి, వాళ్ళు అక్కడికక్కడే చీటీ రాసి సంతకాలు పెట్టాలి. ఆ తర్వాత ఆఫీసు ఆ సాక్షికి కృతజ్ఞతలు తెలుపుతూ ముద్ర వేసిన ఉత్తరం పంపుతుంది. ఒకసారి సాక్ష్యం దొరక్క, నా సీసాలో పురుగులనే సాక్షులుగా తీసుకోమని అర్జీ పెట్టాను. అవి జీతం తీసుకోవు, ఎవరూ అడక్కుండానే అరుస్తాయి. పై నుంచి మూడు నెలలకు జవాబొచ్చింది: అవి రెక్కలు రాసుకుని చప్పుడు చేస్తాయి తప్ప నోటితో అనవు గనక చెల్లదు. చివరికి మా పక్కింటావిడ సామాన్ల గదిలో చీపురు పైకెత్తి, 'అదిగో క్రికెట్' అని అరిచి నా అర్థాన్ని కాపాడింది.

ఈసారి నాకూ స్కోరుకూ రుజువులు కుదిరాయి. బాబాయికి కుదరలేదు. నెలాఖరులోగా పీట అర్థానికి సాక్షిని చూపకపోతే కొట్టేస్తామని నోటీసు వచ్చింది. అచ్చులో మా పదానికి అరవై పంక్తులు. పీటకున్న ఆరు పంక్తులూ ఆటకు కలుపుతామని కూడా అందులోనే ఉంది. స్కోరు ఆ వాక్యం చదివి రేడియో శబ్దం కాస్త పెంచాడు. ఆ రోజు ఆయన్ని నేను తిట్టుకోని తిట్టు లేదు.

పీట బాబాయి వాళ్ళ అమ్మది. ఆవిడ తాత ఓడల మీద వడ్రంగి. ఏ రేవులో విన్నాడో ఆ మాట, పీట చేసి మనవరాలికిస్తూ దాని పేరు క్రికెట్ అని చెప్పాడట. ఆవిడ బట్టలు కుట్టి సంసారం ఈదింది. రోజంతా ఆ పీట మీద కూర్చుని చొక్కాలకు గుండీలు కుట్టేది. బాబాయికి మాటలు ఆ పీట పక్కనే వచ్చాయి. ఆయనకు అది పీట కాదు, స్టూలు కాదు, క్రికెట్. ఆటను ఆట అంటాడు, పురుగును పురుగు అంటాడు. ఆ ముక్కాలిదాన్ని మాత్రమే క్రికెట్ అంటాడు, అదీ ఏమాత్రం ఆలోచించకుండా. ఇరవై ఆరేళ్ళుగా ఆఫీసులో తన బల్ల కిందే ఉంచుకుని, మధ్యాహ్నం కాళ్ళు దాని మీద చాపుతాడు. పోయిన ముద్రణకు వాళ్ళమ్మే సాక్షి. ఆవిడ పోయాక, తమాషా ఏమిటంటే, లోకంలో ఆ మాట అలా అనే మనిషి మిగిలింది ఆయనొక్కడే. ఆ ఒక్క నోరూ మా ఆఫీసు జీతం పుచ్చుకునే నోరు.

నోటీసు వచ్చిన సాయంత్రం నన్ను మెట్ల దగ్గర ఆపాడు. మామూలుగా నోట్లో నాలుక లేని మనిషి. ఆ రోజు మాత్రం అడిగాడు.

"అమ్మాయ్, రెండేళ్ళలో ఎలాగూ దిగిపోతాను. ఉద్యోగం పోతే పోనీ. అమ్మ మాట పుస్తకంలోంచి పోతే నేనిక్కడ ఇరవై ఆరేళ్ళు ఏం చేసినట్టు?"

సాక్షిని వెతుకుదాం బాబాయ్ అన్నాను.

వెతికాం. సెలవు రోజున సామాన్ల బజారుకు వెళ్ళి, ఒక వడ్రంగి కొట్టు ముందు ఆ పీటలాంటిదే చూపించి, ధర అడిగినట్టు నటిస్తూ గంట నిలబడ్డాం. వడ్రంగి దాన్ని మోడా అన్నాడు, బుల్లిబల్ల అన్నాడు, చివరికి విసుగెత్తి, మీకే పేరు కావాలో చెప్పండమ్మా ఆ పేరే రాసిస్తాను అన్నాడు. అంత మంచి మనిషి సాక్ష్యానికి పనికిరాడు. తర్వాత బాబాయి పుట్టిన వీధిలో ఒకప్పుడు పక్కింట్లో ఉన్న ముసలాయన్ని పట్టుకున్నాం. ఆయనకు వాళ్ళమ్మ అంతా గుర్తుంది. ఆవిడ కళ్ళజోడు, గుండీల డబ్బా, కోపం వస్తే సూది పళ్ళ మధ్య పెట్టుకుని మాట్లాడటం, అన్నీ ఏకరువు పెట్టాడు. పీట కూడా గుర్తుంది. నాలుగుసార్లు దాన్ని తలుచుకున్నాడు. నాలుగుసార్లూ పీట అనే అన్నాడు. బాబాయి అయిదోసారి కోసం చూడకుండా లేచి, ఆయన చేతులు రెండూ పట్టుకుని, బయటికి వచ్చేశాడు.

ఇక మిగిలింది మా పిన్ని. బంధువులు సాక్షులు కాకూడదని నియమం లేదు. జీతం లేదు, నోరు ఉంది. నోరు ఎంత ఉందో మా చుట్టాలందరికీ తెలుసు. చిక్కల్లా ఆ పీట విషయంలో ఆవిడకున్న పట్టుదల. పెళ్ళయిన ఏడాదే అత్తాకోడళ్ళకు ఆ పీట దగ్గర చెడింది. అది ఇంట్లో ఉంటే అన్నం అరగడం లేదని బాబాయి దాన్ని ఆఫీసుకు తెచ్చుకున్నాడు. ముసలావిడ పోయి ఎనిమిదేళ్ళయినా, ఆ పీట పేరు పిన్ని నోట వినలేదు.

అయినా ఒక ప్రయత్నం చేద్దామని, ఒక శనివారం మధ్యాహ్నం పీటను పట్టుకుని వాళ్ళింటికి బయలుదేరాం. ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. ఆయన మా ఉద్యోగి కాదు, వేరే కంపెనీ మనిషి. పద్ధతి తప్పితే ప్రాణం పోతుందనుకునే రకం. దస్తరంలో తారీఖు, గంట, పేరు, ఉద్యోగం, తీసుకెళ్ళే వస్తువు, అన్ని గళ్ళూ నింపితే గాని ఈగను కూడా బయటికి పోనివ్వడు. బాబాయి ఉద్యోగం గడిలో 'సహాయ సంపాదకుడు, క్రికెట్, పీట' అని రాసుకునేసరికి పావుగంట పట్టింది.

పిన్ని గుమ్మంలోనే పీటను చూసింది. మూతి ముడుచుకుని లోపలికి పోయింది. మేం అనుకున్న ప్రకారం దాన్ని వంటగదికీ ముందు గదికీ మధ్య దారిలో, సరిగ్గా కాలికి తగిలే చోట పెట్టాం. చీటీల పుస్తకం నా ఒళ్ళో, పెన్ను మూత తీసి చేతిలో. బాబాయి పేపరు తలకిందులుగా పట్టుకుని కూర్చున్నాడు.

గంటలో ఆవిడ ఆ పీటను పదకొండు పేర్లతో పిలిచింది. అది అంది, ఇది అంది, ఆ ముక్కాలిది అంది, అడ్డం అంది, దరిద్రం అంది, మీ అమ్మగారి సింహాసనం అంది. ఒకసారి నీళ్ళ బిందెతో వస్తూ చిటికెన వేలు తగిలించుకుంది. మేమిద్దరం ముందుకు వంగాం. ఆవిడ అబ్బా అని మాత్రం అంది. వేలు నొక్కుకుంటూ మా మొహాలు చూసి, దెబ్బ తగిలిన మనిషిని చూసే చూపా ఇది అని అడిగింది. నిజానికి నాకు సిగ్గేసింది. మరుక్షణం ఆవిడ అక్కడే గోడకు చేరగిలబడి కూర్చుని, ఏ ముప్పై ఏళ్ళనుంచో లోపల పెట్టుకున్నది కక్కేసింది.

"కడుపుతో ఉన్నానే నేనప్పుడు. నడుం పడిపోతుంటే ఒక్క నిమిషం దాని మీద కూర్చున్నా. ఆవిడ వచ్చి, 'లే, అది నా క్రికెట్' అంది. లేపేసింది. ఆ కాన్పు నిలవలేదు. దాని వల్లే అని నేననను. కానీ ఆ మాట నా నోట రాదు."

నేను రాసేశాను. ఏడుస్తూనే రాశాను. నా ఉద్యోగం అలాంటిది. మాట వచ్చింది, అడక్కుండా వచ్చింది, రెండు చెవులు విన్నాయి. చీటీ బాబాయి ముందు పెట్టి సంతకం చేయమన్నాను. ఆ కాన్పు సంగతి తెలుసు గాని, పీట సంగతి ఆయనకూ అప్పుడే తెలిసిందని మొహం చెబుతోంది. చీటీని రెండుగా చింపాడు.

"ఇది మా అమ్మ అన్న మాట. మీ పిన్ని ఆవిడ అన్నది చెప్పింది, అంతే. ఇది చెల్లదు."

నిజమే. ఒకరి మాటను ఇంకొకరు అప్పచెబితే రుజువు కాదని మా నియమాల్లోనే ఉంది. ఆ నియమం గుర్తుచేయడానికి ఆయన తప్ప ఇంకెవరూ లేని గదిలో ఆయనే గుర్తుచేశాడు. పీట తీసుకుని మళ్ళీ ఆఫీసుకు మోసుకొచ్చాం.

నెలాఖరున విచారణ జరిగింది. విచారణ అంటే ప్రధాన సంపాదకుడి గదిలో నిలబడటం. మేం ఆయన్ని పెద్దాయన అంటాం. మెత్తటి మనిషి, ఎవరి బల్ల తీసేసినా వాళ్ళకంటే ముందు ఆయన కళ్ళే చెమ్మగిల్లుతాయి. బాబాయి పీటను ఆయన ముందు పెట్టి, సాక్షి దొరకలేదని ఒప్పుకున్నాడు. పుట్టిన దగ్గర్నుంచి ఆ మాట అంటున్న తన మాట తీసుకోకూడదా అని ఒక్కసారి అడిగాడు. పెద్దాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"మీ నోరు బంగారం లాంటిదండీ. కానీ జీతం నోరు."

నాలుగు గంటలకు ఉత్తర్వు సంతకమైంది. క్రికెట్, నాలుగో అర్థం, కొట్టివేయడమైనది. బల్ల తొలగించడమైనది. సదరు ఉద్యోగిని ఈ క్షణం నుంచి విధుల నుంచి తప్పించడమైనది. బాబాయి ఇరవై ఆరేళ్ళ సామాను సర్దితే గొడుగు, భోజనం డబ్బా, పీట అయ్యాయి. నేను గొడుగూ డబ్బా పట్టుకున్నాను. పీటను స్కోరు ఎత్తుకున్నాడు. ఎవరూ అడగలేదు. రేడియో తీగ చెవిలోంచి తీసి జేబులో పెట్టుకుని మరీ ఎత్తుకున్నాడు. ఆరు పంక్తులు మింగి మోత పని ఒకటి అనుకున్నాను. నా నోరు మంచిది కాదు గాని, ఆ రోజు పైకి మాత్రం అనలేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ దస్తరం తెరిచాడు. నాలుగూ ఇరవై అని రాశాడు. పేరు రాశాడు. ఉద్యోగం అని అడిగాడు. బాబాయి అలవాటుగా నోరు తెరిచి, మళ్ళీ మూశాడు.

"ఏమీ లేదు," అన్నాడు.

వాచ్‌మన్ ఆ గడిలో 'లేదు' అని రాసి, వస్తువు కొలతలు కావాలని టేపు కోసం లోపలికి వెళ్ళాడు. ఎండ ఇంకా మండుతోంది. బాబాయి మొహం పాలిపోయింది, గేటు కమ్మీ పట్టుకున్నాడు. స్కోరు వైపు తిరిగాడు.

"ఆ క్రికెట్ కాస్త కింద పెట్టండి. కూర్చుంటాను. కాళ్ళు నిలవడం లేదు."

స్కోరు పెట్టాడు. బాబాయి కూర్చున్నాడు. నేను గొడుగు విప్పి ఆయన తల మీద పట్టి, ఆయన నెమ్మదించాడని తేలాక అప్పుడు విన్నాను, ఆయన అన్న మాట. నా చేయి దానంతటదే సంచిలోకి పోయింది. స్కోరు నా మొహం చూశాడు, దస్తరం చూశాడు. ఉద్యోగం: లేదు. గంట: నాలుగూ ఇరవై. ఉత్తర్వు నాలుగింటిది. ఇరవై నిమిషాలుగా ఆయనది జీతం లేని నోరు.

ఆ దస్తరం మీదే పెట్టి చీటీ రాశాను, ఇద్దరం సంతకాలు చేశాం. నేను మెట్లు ఎలా ఎక్కానో నాకు తెలియదు. నా వయసుకు మూడు అంతస్తులు పరుగెత్తకూడదు. వెనకాల స్కోరు, ఆయన వెనక దస్తరం వదలని వాచ్‌మన్, అందరికంటే వెనక ఏమైందమ్మా అంటూ బాబాయి. పెద్దాయన చీటీ చదివాడు, దస్తరం చదివాడు, గోడ గడియారం చూశాడు. తర్వాత నన్ను చూసి, నువ్వు ఆయన బంధువువే గనక నీ చెవి మీద అనుమానం రావచ్చు, రెండో చెవి ఏం విందో చెప్పాలి అన్నాడు. రెండో చెవి ఆరు పంక్తులు కలిసొచ్చిన మనిషిది.

"నేను విన్నాను సార్," అన్నాడు స్కోరు. "నన్నే పెట్టమన్నారు. నాకు అర్థమైంది కాబట్టే పెట్టాను."

ఆ చివరి మాటతో ఇంక తిరుగులేకపోయింది. అర్థం కావడం కూడా వాడుకే అని పెద్దాయన తనలో తాను అనుకుని, ఉత్తర్వు మీద అడ్డగీత కొట్టాడు. నాలుగో అర్థం బతికింది. పెద్దాయనకు ఎంత సంతోషమంటే, లేచి వచ్చి బాబాయి భుజం తట్టి, రేపటినుంచి మీ బల్ల మీకే అన్నాడు. అంటూనే నియమాల పుస్తకంలో తర్వాతి పేజీ తిప్పాడు. ఆయన మొహంలో సంతోషం అక్కడే ఆగిపోయింది.

సాక్షి తిరిగి జీతంలో చేరితే సాక్ష్యం రద్దవుతుందని అక్కడ ఉంది. బల్ల కావాలంటే మాట పోతుంది. మాట కావాలంటే ఆయన ఎప్పటికీ గేటు బయటే ఉండాలి. పెద్దాయన ఇది చదివి వినిపించలేక పుస్తకం బాబాయి చేతికిచ్చాడు. బాబాయి చదువుకున్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆ పుస్తకం రాసినవాడు దొరికితే నా సీసా మూత తీసి వాడి పడకగదిలో పెట్టేదాన్ని.

"అమ్మ మాట పుస్తకంలో ఉంటుందిగా?" అని అడిగాడు బాబాయి.

"ఉంటుంది. ఆరు పంక్తులూ ఉంటాయి."

"అయితే వెళ్ళొస్తాను సార్."

పీట తీసుకుని ఆయనే మెట్లు దిగాడు. వాచ్‌మన్ కొలతలు తీసుకున్నాడు.

పీట అర్థం కూడా అదనపు బాధ్యతగా స్కోరుకే వచ్చింది. ఖాళీ అయిన ఆ బల్ల మీద ఆయన డబ్బా పెట్టడం లేదు. అది నేను గమనించినట్టు ఆయనకు తెలియనివ్వలేదు. నాలుగు నెలల తర్వాత, ఒక ఆదివారం పొద్దున, బాబాయిని చూసి వద్దామా అని ఆయనే అడిగాడు. ఇద్దరం వెళ్ళాం.

పిన్ని మమ్మల్ని కూర్చోబెట్టి, బాబాయి మీద పుట్టెడు ఫిర్యాదులు చేసింది. రోజంతా ఇంట్లోనే, వంటగదిలో డబ్బాలన్నిటికీ చీటీలు అంటించాడట. ఉప్పు డబ్బా మీద మూడు అర్థాలున్నాయట. మాట్లాడే మనిషి కాడు గదా, నాలుగు నెలల్లో ముప్పై ఏళ్ళ మాటలు మాట్లాడుతున్నాడట. చెవిలో జోరీగలా ఉన్నాడే అంటూ టీ కాచడానికి లేచింది. బాబాయి కాస్త లావెక్కాడు. ఆ పోయిన కాన్పు గురించి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నామని నాతో మెల్లగా చెప్పాడు. అంతకు మించి చెప్పలేదు, నేనూ అడగలేదు.

పిన్ని కప్పులు తెచ్చి అందరికీ ఇచ్చింది. తన కప్పు పట్టుకుని చుట్టూ చూసింది. రెండు కుర్చీల్లో మేమిద్దరం, మంచం మీద బాబాయి. పీట బాబాయి కాళ్ళ దగ్గరుంది.

"ఏమండీ, ఆ క్రికెట్ ఇటు జరపండి. మోకాళ్ళు లాగేస్తున్నాయి," అంది.

బాబాయి జరిపాడు. ఆవిడ కూర్చుని టీ ఊదుకుంటోంది. తనేమన్నదో ఆవిడకు తెలియలేదు. నాకు తెలిసింది, స్కోరుకు తెలిసింది. జీతం లేని నోరు, అడగని మాట, ఇద్దరు ఉద్యోగుల నాలుగు చెవులు. పిన్ని సాక్షి అయితే బాబాయి నోటితో పనిలేదు. రేపు పొద్దున ఆయన తన బల్ల దగ్గర కూర్చోవచ్చు. నేను సంచిలో చీటీ వెతికేలోపే స్కోరు పెన్ను తీశాడు.

బాబాయి మంచం దిగి వచ్చి, మా ఇద్దరి మధ్య వంగి, పెన్ను మీద చేయి వేశాడు.

"రాయొద్దు," అన్నాడు, ఆవిడకు వినపడకుండా. "రాస్తే ఆఫీసు నుంచి ఉత్తరం వస్తుంది. ఉత్తరం చూసిందంటే ఈ జన్మలో మళ్ళీ ఆ మాట అనదు."

నేను ఆయన కళ్ళలోకి చూశాను. బల్ల సంగతి ఆయనకు తట్టకపోవడం కాదు. నాకంటే ముందే తట్టింది. అన్నీ లెక్క చూసుకునే వచ్చి చేయి అడ్డం పెట్టాడు. స్కోరు పెన్ను మూత పెట్టి జేబులో వేసుకున్నాడు. నేను సంచి మూసేశాను.

పిన్ని పీట మీదనుంచి మా వైపు తిరిగి, ఏంటి ముగ్గురూ గుసగుసలు అని అడిగింది. నాకు ఇంకేమీ తోచక, ఆట సంగతి పిన్నీ, స్కోరు ఎంతో అడుగుతున్నాను అన్నాను.

"ఎవరు గెలుస్తున్నారు?" అంది.

"నువ్వే," అన్నాడు బాబాయి.